బాటసారుల జాడలు

(సంఘ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబమునకు బదిలీ ఉత్తరువు క్రొత్త కాదు. ఉత్తరువు వచ్చిన కొలది దినములలో సామాను పెట్టెల కెక్కును; బిడ్డల బడి మారును. గోడకు దిగగొట్టిన మేకులు, వంటయింటి పొగమరక, పెరటిలో నాటిన కరివేపాకు మొక్క మాత్రము క్వార్టర్సులో మిగులును. పిదప వచ్చిన వారు గోడలకు సున్నము వేయింతురు. ఆ యింట నాలుగేండ్లు కాపురమున్న కుటుంబపు జాడ అప్పుడేమి మిగిలినట్లు?

ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని దేశములు తిరిగినవారు ఏమి విడిచిపోయిరి, అందులో ఏది నిలిచినది, ఏల నిలిచినది అని చరిత్రకారులు నిత్యము విచారించునదియు ఇదియే. ఈ విచారమునకు పుదుచ్చేరి కంటె తగిన ఊరు దక్షిణదేశమున అరుదు.

ఇది ప్రయాణికులు కట్టిన ఊరు. 1674లో ఫ్రాన్సువా మార్తె ఇచ్చట ఫ్రెంచివారి స్థావరమును నెలకొల్పెను. 1693లో డచ్చివారు దానిని పట్టుకొని, 1699లో తిరిగి ఇచ్చిరి. 1761లో ఇంగ్లీషువారు దీర్ఘమైన ముట్టడి పిమ్మట ఊరిని గెలిచి కోటను నేలమట్టము గావించిరి. 1954 నవంబరు 1వ తేదీన ఊరు భారత పరిపాలనలోనికి వచ్చెను. 1962 ఆగస్టు 16న విలీనము న్యాయరీత్యా పూర్తియయ్యెను. 2006లో పాండిచ్చేరి అను పేరు పుదుచ్చేరిగా మారెను. కోట కట్టినవారు అది తమ శాశ్వతమైన జాడ యని తలచియుందురు. నేడు ఆ కోట లేదు. మరి నిలిచినదేది?

ఆ కోట శిథిలముల మధ్యనే ఒక బాటసారి దూరదర్శినిని నిలిపెను. ఆయన పేరు గియోమ్ లె జాంతీ. ఫ్రాన్సు దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. శుక్రగ్రహము భూమికిని సూర్యునికిని నడుమ వచ్చి, సూర్యబింబముపై చిన్న నల్లని చుక్కవలె కదలిపోవుటను శుక్ర సంక్రమణ మందురు. ఇది ఎనిమిదేండ్ల యెడముతో రెండు మారులు జరిగి, పిదప నూరేండ్లకు పైగా మరల జరుగదు. భూమిపై దూరదూరపు తావులనుండి ఒకే సంక్రమణమును చూచి కాలభేదమును లెక్కించినచో, సూర్యుడు భూమికెంత దూరమున నున్నాడో తేల్చవచ్చునని ఎడ్మండ్ హేలీ అంతకు పూర్వమే చూపెను. అందుచేత 1761, 1769 సంవత్సరముల సంక్రమణములకై యూరపు పండితులు నలుదిక్కులకు బయలుదేరిరి. లె జాంతీకి నిర్ణయమైన తావు పుదుచ్చేరి.

1760 మార్చిలో ఆయన ఫ్రాన్సు విడిచెను. ఓడ మలబారు తీరమునకు సమీపించునప్పటికి పుదుచ్చేరి ఇంగ్లీషువారి చేజిక్కినదన్న వార్త తెలిసెను. ఓడ వెనుకకు మరలెను. 1761 జూన్ 6న సంక్రమణము జరిగినప్పుడు ఆయన నడిసముద్రమున నుండెను. ఆకాశము నిర్మలముగనే యుండెను. కాని ఊగిసలాడు ఓడపై సూక్ష్మమైన కాలగణన సాధ్యము కాదు. మరియొకడైనచో ఇంటికి మరలెడివాడు. లె జాంతీ రెండవ సంక్రమణమునకై ఎనిమిదేండ్లు తూర్పు సముద్రములందే యుండ నిశ్చయించెను. మడగాస్కరు తీరములు చూచెను; 1766లో మనీలా వెళ్లెను; ఊరు తిరిగి ఫ్రెంచివారి వశమైన పిమ్మట, 1768 మార్చిలో పుదుచ్చేరి చేరెను. పడిపోయిన కోటలో ఆయనకు వేధశాల నిర్మించి యిచ్చిరి. నిన్నటివరకు శత్రువులైన ఇంగ్లీషువారు చెన్నపట్టణమునుండి మంచి దూరదర్శిని నొకదానిని ఎరువు పంపిరి.

1769 మే నెలలో ఉదయములు నిర్మలముగా నుండెను. సంక్రమణము జరుగు జూన్ 4వ తేదీ తెల్లవారుజామున మాత్రము మేఘములు క్రమ్మెను. శుక్రుడు సూర్యబింబమును దాటిపోయిన పిదప మబ్బు విడి ఎండ కాచెను. తాను విడిచివచ్చిన మనీలాలో ఆనాడు ఆకాశము స్వచ్ఛముగా నుండెనని తరువాత తెలిసెను. రెండు వారములపాటు ఆయన కలము పట్టలేకపోయెను. 1771లో స్వదేశమునకు చేరినప్పుడు మరియొక దెబ్బ కాచుకొని యుండెను. వ్రాసిన ఉత్తరములు చేరకపోవుటచే బంధువులు ఆయన మరణించెనని తలచి ఆస్తిని పంచుకొన సిద్ధమైరి; విద్వత్పరిషత్తునందలి ఆయన స్థానము మరియొకరి కీయబడెను. తాను బ్రతికియున్నానని ఆయన తన వారికే నిరూపించుకొనవలసి వచ్చెను.

ఏ పనికై పదునొకండేండ్లు తిరిగెనో ఆ పని నెరవేరలేదు. ఐనను ఆ ప్రయాణము వ్యర్థమని చెప్పరాదు. మేఘములు క్రమ్మక పూర్వము, క్రమ్మిన పిదపను ఆయన ఊరక కూర్చుండలేదు. గాలులను, వర్షములను, ఊళ్ల వాడుకలను పరిశీలించి 1779, 1781 సంవత్సరములలో రెండు సంపుటముల యాత్రాగ్రంథమును ప్రకటించెను. పుదుచ్చేరి పంచాంగకర్తల వద్ద గ్రహణగణితమును అభ్యసించెను. 1765 ఆగస్టు 30వ తేదీ చంద్రగ్రహణ కాలపరిమితిని ఇచ్చటి తమిళ గణితము 41 సెకండ్లు తక్కువగాను, యూరపున పేరుగన్న టోబియస్ మేయరు పట్టికలు 68 సెకండ్లు ఎక్కువగాను చూపినవని ఆయన దాపరికము లేక వ్రాసెను. తాను చూడవచ్చిన చుక్క నాయన చూడలేదు. చూడవలెనని తలపోయని విద్యను చూచి లోకమునకు చెప్పెను. 1825లో జాన్ వారెన్ ఇదే ఊరిలో ఒక పంచాంగకర్త గవ్వలు పరచుకొని, జ్ఞాపకముననున్న పట్టికలతో చంద్రగ్రహణమును గణించుట చూచి వ్రాసియుంచెను. గణించినవారి యింట గవ్వలు తిరిగి సంచిలోనికి పోయినవి. వారి విద్య ఎంత సూక్ష్మమైనదో నేడు తెలియుట బాటసారుల కాగితముల వలననే.

లె జాంతీ ఆకాశమునే కాక నేలను కూడ చూచెను. ఊరికి దక్షిణముగా సుమారు నాలుగు కిలోమీటర్ల దూరమున, అరియాంకుప్పము ఏటి యొడ్డున నున్న పురాతన విగ్రహమును గూర్చియు ఆయన వ్రాసెను. ఆ దిబ్బలే నేడు లోకప్రసిద్ధమైన అరికమేడు. చిరకాలము ఊరివారికి అది పాత యిటుకలు దొరకు తావు మాత్రమే. 1937 ప్రాంతమున ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రేయ్, పిల్లలు ఏరి తెచ్చిన పూసలను, రాళ్లను కొనుచుండెను. వానిలో ఒక రాతిపై చెక్కిన ముఖము రోమను చక్రవర్తి ఆగస్టసుదని ఆయన గ్రహించెను. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపెను. పిదప కసాల్, ఇటీవలి కాలమున, 1989 మొదలు 1992 వరకు, విమలా బెగ్లీ ఆ పనిని కొనసాగించిరి. క్రీస్తు శకము మొదటి శతాబ్దమునకు చెందిన గ్రీకు నావికుని గ్రంథమున కనబడు పొదుకే అను రేవు ఇదియేయని పెక్కుమంది పండితుల యభిప్రాయము. ఆంధ్రతీరమునందలి మసలియా దేశపు సన్నని వస్త్రములను గూర్చియు అదే గ్రంథము చెప్పుచున్నది.

అరికమేడున రాజుల శాసనములు దొరకలేదు. దొరకినవి మద్యపు కూజాల పెంకులు, ఇటలీ కుమ్మరుల ముద్రలుగల ఎఱ్ఱని పళ్లెముల ముక్కలు, పూసలు. ఐనను ఆ ముక్కల విలువ గొప్పది. ఇటలీనందు ఆ పళ్లెములు ఏ కాలమున తయారైనవో తెలియును. కనుక వానితోపాటు అదే పొరలో దొరకిన దేశవాళి పాత్రలకును కాలము నిర్ణయించుటకు వీలయ్యెను. చక్రముపై సన్నని గీతలు దీర్చిన ఆ తరహా పాత్రల పెంకులు అమరావతియందు, శాలిహుండమునందు కూడ దొరకినవి. పుదుచ్చేరి దిబ్బలో ఎవరో విదేశి పారవేసిన పగిలిన పళ్లెము, కృష్ణా వంశధారల తీరమునందలి తావుల వయస్సును చెప్పుటకు తోడ్పడెను. పారవేసినవాడు దానిని జాడయని తలపనైన తలపలేదు. మరికొన్ని పెంకులపై బ్రాహ్మీలిపిలో గీచిన పేర్లు కలవు. ఆ లిపిని చదువగలిగిన పండితులుండుట చేతనే ఆ గీతలు మరల మనుష్యుల పేర్లయ్యెను. చదువువారు లేనినాడు అక్షరమునకును గీతకును భేదము లేదు.

ఇక ఊరినడుమకు వత్తము. చెన్నపట్టణమున 1709లో పుట్టి, బాల్యముననే తండ్రితోపాటు పుదుచ్చేరికి వచ్చిన ఆనందరంగ పిళ్లె, డూప్లే కాలమున దుబాసీయై గొప్ప ఐశ్వర్యము ననుభవించెను. 1736 సెప్టెంబరు మొదలు జీవితాంతము వరకు ఆయన తమిళమున దినచర్య వ్రాసెను. ఓడల రాక, సరకుల ధరలు, దర్బారు రహస్యములు, వీధి తగవులు అన్నియు అందున్నవి. 1761 జనవరిలో, ఊరు పడిపోవుటకు కొలది దినములకు ముందు, ఆయన మరణించెను. పుస్తకములు ఇంట పడియుండెను. 1846లో గల్వా మోంబ్రే అను ఫ్రెంచి అధికారి వానిని కనుగొనెను. 1904 మొదలు 1928 వరకు పండ్రెండు సంపుటములుగా ఇంగ్లీషు అనువాదము చెన్నపట్టణమున అచ్చయ్యెను. కోట కూలినది, డూప్లే సంపాదించిన రాజ్యము పోయినది, దుబాసీ వ్రాసిన కాగితములు నిలిచినవి.

తెలుగువారు విశేషముగా స్మరింపదగిన సంగతి యొకటి కలదు. ఈ పిళ్లె తెలుగు కవులను కూడ ఆదరించెను. కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందము అను లక్షణగ్రంథము ఈయన పేరుతోనే వెలసినది. తమిళసీమయందు, ఫ్రెంచివారి కొలువులోనున్న ఒక తమిళుని పేర తెలుగు ఛందస్సు వెలయుట ఈ ఊరి ప్రత్యేకత. తమ భాష ఇచ్చట నిన్న మొన్న బదిలీపై వచ్చినది కాదని ఇచ్చటి తెలుగు బిడ్డలు తెలిసికొనవలెను.

వ్రాయగలిగినవారి జాడలిట్లుండగా, వ్రాయనేరనివారి గతి వేరు. పందొమ్మిదవ శతాబ్దమున పుదుచ్చేరి, కారైకాల్, యానాము రేవులనుండి వేలకొలది కూలీలు ఫ్రెంచి వలసలకు పోయిరి. యానామునుండి తెలుగువారు 1828లోనే రెయూనియన్ దీవికి చేరిరి. 1850 దాటిన పిమ్మట మార్టినీక్, గ్వాడెలూప్ దీవుల చెరకు తోటలకును ఓడలు సాగెను. వారి పేర్లు పరాయి గుమాస్తాలు వినినట్లు వ్రాసికొన్న చిట్టాలలో మాత్రమే కలవు. ఏ ఊరి ఏ వీధినుండి, ఏ తల్లిని విడిచి ఓడ నెక్కిరో వారి మాటలలో వినుటకు ఉత్తరములు మిక్కిలి అరుదు. యానాము చెంతనున్న కోరంగి రేవునుండి బర్మా వెళ్లిన వారి వలన, ఆ దేశమున తెలుగువారందరికిని కోరంగీలని పేరు వచ్చెను. ఎక్కిన రేవు పేరు నిలిచినది. ఎక్కినవారి పేర్లు మాసిపోయినవి.

ఇందుకు భిన్నముగా, ఒక తెలుగు ఉద్యోగిని స్మరింపుడు. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో దుబాసీ. సెలవు పొంది, 1830 మే 18న పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. దారి పొడవున తాను చూచిన నదులను, సత్రములను, ధరలను, ఆచారములను వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లెకు పంపుచుండెను. వీరాస్వామయ్య 1836లో గతించెను. ఆ మిత్రుడు ఆ వ్రాతలను భద్రముగా నుంచి 1838లో పుస్తకముగా ప్రకటించెను. నాటి తెలుగుదేశపు బాటలను గూర్చి తెలిసికొనదలచినవారు నేటికిని ఆ గ్రంథమును తెరచుచున్నారు. ఆయన రాజు కాడు, సేనాని కాడు; సెలవుపై ప్రయాణము చేసిన ఉద్యోగి. వ్రాసినవాడొకడు, దాచినవాడొకడు, చదువువారు కొందరు – ఈ మూడును కూడుట చేత ఆ జాడ నిలిచెను. లె జాంతీ విషయమునను, పిళ్లె విషయమునను జరిగినది ఇదియే.

సభాసదులారా! ఈ మూడింటిలో నేటి తెలుగు కుటుంబములందు లోపించుచున్నది మూడవది. తల్లిదండ్రులు తెలుగున వ్రాయగలరు. తాతగారి ఉత్తరములు పెట్టె యడుగున భద్రముగనే యున్నవి. కాని ఊరూర మారిన బడులలో హిందీ, ఇంగ్లీషు, తమిళము చదివిన పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. అట్టి బిడ్డ చేతికి తాత ఉత్తరము వచ్చినచో అది అరికమేటి పెంకువంటిదే. గీతలు కనబడును, పేరు వినబడదు. పెంకుపై అక్షరములు చదువుటకు పండితులైన వచ్చిరి. ఇంటి ఉత్తరము కొరకు ఏ పండితుడు వచ్చును?

కావున ఈ సంఘము రెండు చిన్న పనులకు పూనుకొనదగును. మొదటిది, బదిలీపై వెళ్లు ప్రతి కుటుంబమును ఈ ఊరిలో తాము చూచినది, చేసినది, నేర్చినది నాలుగు పుటలు తెలుగున వ్రాసి సంఘపు పుస్తకములో ఉంచిపోవలెను. ఆసుపత్రిలో పనిచేసినవారు ఆసుపత్రిని గూర్చి, తపాలా శాఖవారు తపాలాను గూర్చి, గృహిణులు ఇరుగుపొరుగు తమిళ కుటుంబముల వద్ద నేర్చిన వంటను గూర్చి వ్రాయవచ్చును. రెండవది, ఆదివారమున ఒక గంట పిల్లలకు అక్షరములు నేర్పవలెను. మొదటి పాఠ్యపుస్తకముగా వారి యింటి ఉత్తరములనే తీసికొనవచ్చును. అయిదారు నెలలలో బిడ్డ తన తాత వ్రాసిన కార్డును తానే చదివి వినిపింపగలుగును.

అరికమేటి గట్టును ఏటి కోత ఇదివరకే కొంత తినివేసినది. క్వార్టర్సు గోడలకు సున్నము వేయక తప్పదు. పెరటిలోని కరివేపాకును పిదప వచ్చినవారు కోసికొందురు, అది మంచిదే. ఆ మొక్క నెవరు నాటిరో, ఏ ఊరినుండి వచ్చి నాటిరో సంఘపు పుస్తకమున ఒక పంక్తి యున్నచో, దానిని చదువగల పిల్లవాడొకడు ఈ ఊరిలో నున్నచో, చాలును.