వేళ్లు చెప్పని కారణం



ఈ రోజు వ్యాయామ విద్యలో పట్టా పుచ్చుకుంటున్న మీలో చాలామంది త్వరలోనే ఏదో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల మైదానంలో మెడలో ఈల వేసుకుని నిలబడతారు. ఆట ఎలా నేర్పాలో మీ అధ్యాపకులు మీకు చెప్పే పంపుతున్నారు. నేను ఆటలో తీర్పు గురించి మాట్లాడతాను. ఏళ్ల తరబడి కుస్తీ చాప మీద రిఫరీగా నిలబడ్డవాణ్ణి కాబట్టి నా ఉదాహరణలన్నీ గోదాలోంచే వస్తాయి. కోనసీమలో దసరాకి చెడీ తాలింఖానా చూసినవాళ్లు, ఊరి చివర చెడుగుడు ఆడి మోకాళ్లు దోక్కుపోయినవాళ్లు మీలో ఉంటారు. మన గోదావరి డెల్టాలో కుస్తీ పోటీలు తక్కువ, కబడ్డీ ఎక్కువ. అయినా కుస్తీనే తీసుకుంటున్నాను. కబడ్డీలో గీత దాటిన కాలు గట్టు మీద కూర్చున్నవాడికి కూడా కనిపిస్తుంది. కుస్తీలో రెండు ఒళ్లు పెనవేసుకున్నాక ఎవరి వీపు ఎటు తిరిగిందో పక్కనే ఉన్న కోచ్‌కి కూడా తెలియదు. అంత చిక్కుముడిలో తీర్పును విడమరచగలిగినవాళ్లకు మిగతా ఆటల్లో అది కష్టం కాదు.

2024 ఆగస్టు 6న పారిస్ ఒలింపిక్స్‌లో మన వినేశ్ ఫొగాట్, జపాన్ యోధురాలు యుయి సుసాకి తలపడిన తొలి రౌండ్ మీకు గుర్తుండే ఉంటుంది. సుసాకి అప్పటి ఒలింపిక్ విజేత. ఆఖరి క్షణాల దాకా ఆమెదే ఆధిక్యం, 2-0. గడియారం ఆగిపోబోతుండగా వినేశ్ ఆమెను కింద పడేసి రెండు పాయింట్లు తెచ్చుకుంది. అంటే 2-2 కావాలి. కానీ చివరికి బోర్డు మీద వినేశ్ పేరు పక్కన 3 కనిపించింది. ఆ మూడోది ఎక్కడిది? జపాన్ కోచ్‌లు రిఫరీ నిర్ణయాన్ని చాలెంజ్ చేశారు, వీడియో చూశారు, చాలెంజ్ నిలవలేదు. నిలవని చాలెంజ్‌కు ఎదుటివాళ్లకు ఒక పాయింటు ఇస్తారు. 2016లో రియోలో సాక్షి మలిక్ 0-5 నుంచి లేచి 8-5తో కంచు పతకం గెలిచింది కదా, అందులో ఎనిమిదోదీ ఇలా వచ్చిందే. ఇంకో సంగతి. పారిస్‌లో ఆ మూడో పాయింటు రాకపోయినా వినేశే గెలిచేది. సుసాకి రెండు పాయింట్లు ఒక్కొక్కటిగా వచ్చినవి, వినేశ్‌ది ఒకే పట్టుకు రెండు. స్కోరు సమానమైతే పెద్ద పట్టు ఎవరిదో ముందు చూస్తారు.

నాలుగు రోజుల తర్వాత అదే పారిస్‌లో మన రీతికా హుడా 76 కిలోల క్వార్టర్ ఫైనల్‌లో ఓడిపోయింది. స్కోరు 1-1. ఇద్దరికీ చెరొక పాయింటు, రెండూ అవతలివాళ్లు దూకుడుగా ఆడనందుకు వచ్చినవే. పట్టు విలువలో తేడా లేదు, హెచ్చరికల్లోనూ తేడా లేదు. అప్పుడిక చివరి పాయింటు ఎవరిదైతే వాళ్లదే గెలుపు. అది ప్రత్యర్థి కిర్గిజ్‌స్థాన్ అమ్మాయిది. నియమం ముందే రాసి ఉంది, రాసినట్టే అమలైంది. అయినా మర్నాడు నన్ను పలకరించిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే: “సమానంగా ఉంటే ఓడిపోవడం ఏంటండీ?” ఆట అంటే ప్రాణం పెట్టే మనుషులు ఆ మాట అడుగుతున్నారంటే, తీర్పు తప్పు కాకపోయినా అది వాళ్లదాకా చేరలేదు.

ఎందుకు చేరలేదో చూడండి. రిఫరీ ఒక చేతికి ఎర్ర పట్టీ, ఇంకో చేతికి నీలం పట్టీ ఉంటాయి. ఏ చేయి ఎత్తాడో చూస్తే పాయింటు ఎవరికో తెలుస్తుంది, వేళ్లు లెక్కపెడితే ఎన్నో తెలుస్తుంది. పక్కన జడ్జి, బల్ల దగ్గర చాప అధ్యక్షుడు ఉంటారు. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే పాయింటు పడుతుంది. పద్ధతిలో లోపం లేదు. కానీ ఎందుకు ఇచ్చారన్నది ఆ వేళ్లలో ఎక్కడా లేదు. రెండు వేళ్లు ఎత్తితే అది కింద పడేసినందుకు కావచ్చు, వీపును చాప వైపు తిప్పినందుకు కావచ్చు. ఒక వేలు ఎత్తితే వలయం దాటి బయట అడుగు పెట్టినందుకు కావచ్చు, దూకుడు చూపనందుకు కావచ్చు, చాలెంజ్ ఓడినందుకూ కావచ్చు. చూసేవాడు ఊహించుకోవాల్సిందే. ఊహ ఎప్పుడూ తనవాడి పక్షమే కదా.

ఈ అస్పష్టతకు కుస్తీ దాదాపు ప్రాణంతో వెల చెల్లించబోయింది. 2013 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కార్యవర్గం 2020 నుంచి కుస్తీని ప్రధాన క్రీడల జాబితాలోంచి తీసేయాలని సిఫారసు చేసింది. ప్రాచీన గ్రీకుల కాలం నుంచి ఉన్న ఆటను! కారణాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి, ఆట సామాన్యుడికి అర్థం కాకపోవడం. అప్పటి పద్ధతిలో మూడు పీరియడ్లలో రెండు నెగ్గినవాడిదే గెలుపు. మొదటిది 5-0తో గెలిచి మిగతా రెండూ 0-1, 0-1తో పోగొట్టుకున్నవాడు, మొత్తం మీద అయిదు పాయింట్లు తెచ్చుకుని, రెండు తెచ్చుకున్నవాడి చేతిలో ఓడిపోయేవాడు. పీరియడ్ 0-0గా ముగిస్తే సంచిలోంచి రంగు బంతి తీసి, ఎవరి రంగు వస్తే వాళ్లకు ఎదుటివాడి కాలు పట్టుకునే అవకాశం ఇచ్చేవాళ్లు. ఇలాంటిది ఏ ప్రేక్షకుడికి వివరించగలం? ఆ ఏడాది మే నెలలోనే అంతర్జాతీయ కుస్తీ సమాఖ్య కొత్త అధ్యక్షుడి కింద నియమాలు మార్చుకుంది. మూడేసి నిమిషాల రెండు పీరియడ్లు, పాయింట్లన్నీ కలిపి లెక్క. సెప్టెంబరులో బ్యూనస్ ఎయిర్స్‌లో 2020 ఒలింపిక్స్‌లో చోటు కోసం ఓటింగు జరిగితే కుస్తీకి 49 ఓట్లు వచ్చాయి, బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్‌కు 24, స్క్వాష్‌కు 22. నియమం అర్థమయ్యేలా ఉండటం అలంకారం కాదని కుస్తీ ప్రపంచానికి ఆ ఏడు నెలల్లో తెలిసొచ్చింది. నియమాలు మారాయి సరే, చెప్పే తీరు ఇంకా అంతగా మారలేదు. నా బాధ అదే.

చెప్పే తీరు ఎలా ఉండాలో మన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర చూడండి. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు లంకల్లో చదువురాని అవ్వకు కూడా తెలుసు. మూడోది ఎగరేశారంటే గొడ్డూగోదా తోలుకుని గట్టెక్కాలని ఆమెకు ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు. ఎందుకంటే కొలత ముందే అందరికీ తెలుసు, ఈ పూట నీరు ఎంత ఉందో కూడా చెప్పే హెచ్చరిక ఇస్తారు. రిఫరీ చేయాల్సినవీ ఆ రెండు పనులే.

క్రికెట్‌లో మూడో అంపైరు ఏం చూస్తున్నాడో, ఏం అనుకుంటున్నాడో టీవీలో మనం వింటున్నాం. 2023లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో వీడియో సమీక్ష తర్వాత రిఫరీలే మైకులో నిర్ణయం చెప్పారు. మీకు అంత సరంజామా అక్కర్లేదు. పోటీల రోజు పొద్దున్నే పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ కోచ్‌లనీ కూర్చోబెట్టి, ఇద్దరు విద్యార్థులను చాప మీదికి పిలిచి, ఏ పట్టుకు ఎన్ని పాయింట్లో చేసి చూపించండి. స్కోరు సమానమైతే ఏం చూస్తారో వరుసగా తెలుగులో పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి. వ్యాఖ్యానం చెప్పే మాస్టారి పక్కన నియమాలు తెలిసిన ఒక సీనియర్ విద్యార్థిని కూర్చోబెడితే, “ఎర్ర దుస్తుల అమ్మాయికి ఒకటి, ఎదుటివాళ్ల కాలు వలయం బయట పడింది” అని వెంటనే చెప్పేస్తాడు. ఓడిన పిల్ల కోచ్ వచ్చి అడిగితే స్కోరు షీటు ఆయన ముందు పెట్టి, ఏ నిమిషంలో ఏది, ఏ కారణం మీద అన్నది చూపించండి. దానికి కారణం రాసే గడి షీటులో ఉండాలి. లేకపోతే మీరే గీసుకోండి.

కారణం చెబితే రిఫరీ లోకువైపోతాడని నాకు పాతవాళ్లు చెప్పేవారు. నేను ఒప్పుకోను. కారణం చెప్పడం వేరు, బేరానికి కూర్చోవడం వేరు. కుస్తీ నడుస్తుండగా కోచ్‌తో వాదన పెట్టుకోకండి. అది పిల్లల ఊపును చంపేస్తుంది, గొంతు పెద్దదున్నవాడికి లాభం చేస్తుంది. అభ్యంతరానికి దారి చాలెంజ్ ఉంది, దానికి మూల్యమూ ఉంది. కుస్తీ ముగిశాక మాత్రం దాచుకోవాల్సిందేమీ లేదు. వినేశ్ రెండో రోజు వంద గ్రాములు ఎక్కువ తూగి పోటీకి దూరమైన వ్యవహారంలో క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2024 ఆగస్టు 14న అప్పీలు కొట్టేసినట్టు ముందు ప్రకటించింది, కారణాలతో కూడిన పూర్తి తీర్పు తర్వాత వచ్చింది. ఆ మధ్య రోజుల్లో ఎన్ని కథలు పుట్టాయో మీరు మీ ఫోన్లలోనే చూశారు. రెండో రోజు కూడా బరువు తూయాలని, తప్పితే పోటీ నుంచి పూర్తిగా తొలగిస్తారని నియమంలో ఉందని చాలామందికి అప్పుడే మొదటిసారి తెలిసింది.

మీ పాఠశాలల్లో గోదాలోకి దిగేది పన్నెండేళ్ల పిల్లలు. ఓడిపోయిన పిల్లకు ఎందుకు ఓడిందో తెలిస్తే మర్నాడు ఆ పట్టు సాధన చేస్తుంది. తెలియకపోతే అన్యాయం జరిగిందనుకుని ఆట మానేస్తుంది. అలా మానేసిన మంచి పిల్లల్ని నేను చూశాను.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ అమ్మాయి, మీ అబ్బాయి ఓడినప్పుడు రిఫరీ దగ్గరికి వెళ్లి కారణం అడగండి. కుస్తీ అయిపోయాక, మర్యాదగా అడగండి. ఈ రోజు ఇక్కడ పట్టా అందుకుంటున్నవాళ్లు మీకు జవాబు చెబుతారు.