సంతానలేమి: అండాశయ దోషములు, వాటి చికిత్స
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశమనగా మంచినీటి కుళాయిలు, వీధి దీపములు, మురుగు కాలువలు మొదలగు విషయములే సాధారణముగా చర్చకు వచ్చును. నేడు మేము చెప్పబోవు విషయము మీ కార్యక్రమ పట్టికలో కనిపించదు. కాని అది వేరొక రూపమున మీ ముందుకు వచ్చుచునే యుండును. పెండ్లియై మూడు నాలుగు సంవత్సరములైనను కోడలికి కడుపు పండలేదని అత్తవారు ఆమెను పుట్టింటికి పంపుదురు. మారుమనువు మాట బయలుదేరును. ఇరుపక్షములవారు పెద్దమనుషులను కూర్చోబెట్టుదురు. ఆ పెద్దమనుషులలో మీరును ఉందురు. అప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: "దంపతులిద్దరును వైద్యునికి చూపించుకొన్నారా?" నేటి మా ప్రసంగమంతయు ఆ ఒక్క ప్రశ్న కొరకే.

పైరు పండనిచో తెలిసిన రైతు భూమి నొక్కదానినే నిందింపడు. విత్తనము మంచిదేనా, నీరు అందినదా, అదను తప్పినదా అని విచారించును. సంతానము విషయములో ఈ వివేకము మనకు లోపించుచున్నది. బిడ్డలు కలుగని దంపతులలో నూటికి 40 నుండి 50 మంది విషయమున పురుషునిలోని లోపమే పూర్తిగానో, కొంతవరకో కారణమగుచున్నది. స్త్రీలలోని కారణములలో అండాశయ దోషములు ముఖ్యమైనవి. వాటిలో మిక్కిలి సాధారణమైనది చికిత్సకు లొంగునట్టిదే.

అండాశయము చేయు పని

గర్భాశయమునకు ఇరుప్రక్కల బాదంకాయ పరిమాణములో రెండు అండాశయములుండును. ఆడశిశువు పుట్టునాటికే వాటిలో 10 నుండి 20 లక్షల అండములుండును. రజస్వల అగునాటికి అవి 3, 4 లక్షలకు తగ్గును. జీవితకాలములో పక్వమై వెలువడునవి 400 నుండి 500 మాత్రమే. నెలనెలా కొన్ని అండములు ఎదుగుటకు ఆరంభించును గాని, సాధారణముగా ఒక్కటి మాత్రమే పక్వమై వెలువడును. మెదడు క్రింద నున్న పిట్యూటరీ గ్రంథి పంపు హార్మోనులు ఈ పనిని నడపును.

తరువాతి నెలసరికి సుమారు 14 దినములు ముందుగా అండము వెలువడి, ఒక్క దినము మాత్రమే నిలుచును. వీర్యకణములు 5 దినముల వరకు జీవించి యుండగలవు. కావున అండము వెలువడు దినమును, దానికి ముందటి 5 దినములును సంతానమునకు అదను. నెలసరి క్రమముగా వచ్చుచున్నచో అండము వెలువడుచున్నదని సాధారణముగా భావింపవచ్చును. 35 దినములు దాటి వచ్చుచున్నను, రెండు మూడు నెలల కొకసారి వచ్చుచున్నను పరీక్ష చేయించుకొనవలెను.

'నీటి బుడగల' సంగతి

స్కానింగు చేయించుకొని వచ్చిన స్త్రీలు "అండాశయములో నీటి బుడగలున్నవట" అని భయముతో చెప్పుదురు. దీనినే వైద్యులు పీ.సీ.ఓ.ఎస్. అనుచున్నారు. 1935లో చికాగో నగరమున స్టెయిన్, లెవెంథాల్ అను వైద్యులు దీనిని వివరించిరి. సంతానయోగ్యమైన వయస్సులోనున్న స్త్రీలలో నూటికి 10 నుండి 13 మందికి ఇది ఉన్నదనియు, వారిలో 70 శాతము వరకు తమకు ఉన్నట్లు ఎరుగరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఆ బుడగలు కణితులు కావు. ఎదుగుట ప్రారంభించి నడుమ నిలిచిపోయిన అండములు గల చిన్న తిత్తులవి. నారుమడిలోనే ఆగిపోయి పొలమునకు చేరని నారు వంటివి. ఈ స్త్రీలలో పెక్కుమందికి శరీరములో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అందుచే అది అధికముగా ఊరును. దాని ప్రభావమున పురుష హార్మోనులు పెరిగి అండము పక్వము కాకుండ అడ్డుపడును. నెలసరి తప్పుట, గడ్డముపై వెంట్రుకలు, మొటిమలు, మెడచుట్టు నలుపు, బరువు పెరుగుట దీని గుర్తులు. సన్నని స్త్రీలకును ఇది రావచ్చును.

ఒక్క స్కానింగు చూచి ఈ వ్యాధి కలదని తేల్చరాదు. నెలసరి క్రమము తప్పుట, పురుష హార్మోను అధికమైన లక్షణములు, స్కానింగులో కనిపించు మార్పు అను మూడింటిలో రెండైనను ఉండవలెను. థైరాయిడ్ దోషము లేదని కూడ రక్తపరీక్షతో నిర్ధారించుకొనవలెను.

అండాశయములకు ఇతర దోషములును కలవు. ఎండోమెట్రియోసిస్ వలన నెలసరిలో తీవ్రమైన నొప్పియు, అండాశయములో పాతరక్తముతో నిండిన తిత్తులును ఏర్పడును. కొందరికి 40 సంవత్సరములు నిండకముందే అండములు తరిగిపోవును. పొత్తికడుపులో ఒక్కసారిగా భరింపరాని నొప్పియు, వాంతులును వచ్చినచో అండాశయము మెలిపడి యుండవచ్చును. ఆ రోగిని గంట సేపైనను ఇంట నుంచక ఆసుపత్రికి చేర్చవలెను.

చికిత్స

పీ.సీ.ఓ.ఎస్.కు మొదటి చికిత్స ఇంటనే కలదు. బరువు అధికముగా నున్నవారు అందులో 5 నుండి 10 శాతము తగ్గించుకొన్నచో పెక్కుమందికి అండము మరల వెలువడ నారంభించును. 70 కిలోల స్త్రీకి ఇది మూడున్నర నుండి 7 కిలోల మాట. అన్నము తగ్గించి పప్పు, కూరగాయలు, జొన్నలు పెంచుట, వారమునకు 5 దినములు అరగంట వంతున చురుకుగా నడచుట ఇందుకు మార్గములు.

అంతటితో ఫలింపనిచో లెట్రోజోల్ అను మాత్రను నెలసరి ఆరంభములో 5 దినములు వైద్యుని పర్యవేక్షణలో వాడుదురు. కొందరికి మెట్‌ఫార్మిన్ కూడ ఇత్తురు. వీటికి లొంగనివారికే సూదిమందులు, చిన్న శస్త్రచికిత్స, చివరకు ఐ.వి.ఎఫ్. పద్ధతి. ఐ.వి.ఎఫ్. కేంద్రములు 2021 నాటి చట్టము ప్రకారము నమోదై యుండవలెను. ఆ ధ్రువపత్రము చూడక ఎవరును పొలము తాకట్టు పెట్టి సొమ్ము కట్టరాదు. ఎన్ని చికిత్సలు చేసినను ఫలింపని దంపతులును ఉందురు. వారికి చట్టబద్ధమైన దత్తత మార్గము కలదు.

మరియొక హెచ్చరిక. బుడగలున్నవని గర్భసంచి తీయించుకొనుట ఈ వ్యాధికి చికిత్స కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3గురికి కొంచెము పైన ఉండగా, మన రెండు తెలుగు రాష్ట్రములలోను 8 మందికి పైగా నుండిరి. రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనక ఏ స్త్రీయు దీనికి ఒప్పుకొనరాదు.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగము పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగినవిగా చెప్పిన 29 విషయములలో ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి కలవు. కావున ఇది మీకు సంబంధింపని విషయము కాదు.

పెండ్లియైన పిదప ఒక సంవత్సరము ప్రయత్నించినను గర్భము నిలువనివారు, స్త్రీకి 35 సంవత్సరములు దాటినచో 6 నెలలకే, దంపతులిద్దరును కలసి వైద్యుని వద్దకు పోవలెనని గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీలో చెప్పింపుడు. ఆశా కార్యకర్త ద్వారా ఇంటింటికి ఈ మాట చేరవలెను. పురుషుని వీర్యపరీక్ష మిక్కిలి సులువైనది. దానినే ముందుగా చేయింపుడు. ఎవరి పేరును సభలో చదువరాదు. మహిళా సభ్యులు ఆ ఇండ్లకు వెళ్లి మాటలాడినచో పని సుగమమగును.

మారుమనువు తగవు మీ ముందుకు వచ్చినచో చట్టము గుర్తుంచుకొనుడు. 1955 నాటి హిందూ వివాహ చట్టములో సంతానలేమి విడాకులకు కారణము కాదు. భార్య ఉండగా, వివాహబంధము తెగకుండ చేసికొన్న రెండవ పెండ్లి చెల్లదు. అది భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను క్రింద 7 సంవత్సరముల వరకు జైలుశిక్షకు తగిన నేరము. అట్టి పెండ్లికి తలయూపిన పెద్దమనుషులు ఆ తప్పులో భాగస్వాములగుదురు.

తుదకు ఒక మాట. "గొడ్రాలు" అను పేరు పెట్టి, సీమంతమునకు, పేరంటమునకు పిలువక ఒక స్త్రీని ఊరంతయు దూరముంచుట ఏ వైద్యుడును మాన్పలేని గాయము. దానిని మాన్పగలవారు మీరే. రేపు ఏదైన ఇంట శుభకార్యము జరిగినపుడు, అట్టి స్త్రీని మొదట పిలిచి బొట్టు పెట్టునది మీ ఇల్లాలు కావలెనని మేము కోరుచున్నాము.