క్లబ్బు ఎవరిది? బడి ఎవరిది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పది నిమిషాలు మాట్లాడు, కాంక్రీటు గురించి మాత్రం వద్దు" అన్నారు కార్యదర్శి గారు. అందుకని ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాను. ఆట గురించి కాదు, ఆడే క్లబ్బులను కొనేవాళ్ల గురించి. దీనికీ మన బడికీ ఏం సంబంధం అంటారా? చివర్లో మీకే తెలుస్తుంది.

2011 నుంచి రెండేళ్లు ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఉన్నాను. దానికి ఉత్తరాన బ్లాక్‌బర్న్ అనే ఊరుంది. ఒకప్పుడు నేత మిల్లుల ఊరు. ఆ ఊరి క్లబ్బు బ్లాక్‌బర్న్ రోవర్స్ 1875లో పుట్టింది. ఆ ఊరి సహోద్యోగి ఒకాయన, నేను ఇండియా వాడినని తెలియగానే అడిగిన మొదటి ప్రశ్న, "వెంకీస్ వాళ్లు నీకు తెలుసా?" అని.

తెలియకేం! మన వైపు కోళ్ల ఫారం పెట్టిన ప్రతి రైతుకూ తెలిసిన పేరే. వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన బి.వి.రావు గారు హైదరాబాద్ మనిషి. గుడ్డు ధర దళారి కాదు, రైతే నిర్ణయించుకోవాలని నెక్ సంస్థకు ప్రాణం పోసినవారు. ఆయన పోయిన తర్వాత, 2010 నవంబరులో ఆయన కుటుంబం 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు ఆ క్లబ్బును కొన్నది.

అంతకు ముందు ఆ క్లబ్బు జాక్ వాకర్ అనే ఆయనది. ఆ ఊళ్లోనే పుట్టి, ఉక్కు వ్యాపారంలో సంపాదించి, 1991లో క్లబ్బును చేతిలోకి తీసుకున్నాడు. స్టేడియం కొత్తగా కట్టించాడు, షియరర్ లాంటి ఆటగాళ్లను కొన్నాడు. 1994-95లో రోవర్స్ లీగు గెలిచింది. 1914 తర్వాత మళ్లీ అప్పుడే! కాబట్టి డబ్బు చెడ్డదని నేను అనను. వాకర్ పెట్టిందీ డబ్బే. ఆయన 2000లో చనిపోయాడు. క్లబ్బు ఆయన ట్రస్టు చేతిలో పదేళ్లు ఉంది. చివరకు అమ్మకానికి వచ్చింది.

కొత్త యజమానులు వచ్చిన నెలకే కోచ్‌ను తీసేశారు. అప్పటికి జట్టు పట్టికలో 13వ స్థానంలో ఉంది. 2012 మేలో పై లీగు నుంచి కింది లీగుకు జారింది. ఆ రాత్రి అభిమానులు మైదానంలోకి ఒక కోడిని వదిలారు. మర్నాడు ఆఫీసులో అందరూ నా ముఖం చూసి నవ్వుతుంటే ఏం చెప్పాలో తెలియలేదు. 2017లో జట్టు ఇంకో మెట్టు దిగి మూడో స్థాయికి వెళ్లింది. మరుసటి ఏడు పైకొచ్చింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ కుటుంబం క్లబ్బును దోచుకోలేదు. ఏటా నష్టం పూడుస్తూ పది కోట్ల పౌండ్లకు పైగానే పోసింది. చిక్కు డబ్బు దగ్గర కాదు. ఎవరిని అడగాలో, ఎవరు జవాబు చెప్పాలో ఊరికి తెలియకపోవడం దగ్గర. యజమాని పుణేలో, మైదానం బ్లాక్‌బర్న్‌లో. 2023లో ఇక్కడి నుంచి క్లబ్బుకు డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు గడప ఎక్కాల్సి వచ్చింది. ఒకే కుళాయి నుంచి నీళ్లు తాగే ఇంట్లో ఆ కుళాయికి ఏ ఇబ్బంది వచ్చినా ఇల్లంతా దాహమే.

పక్కనున్న మాంచెస్టర్ యునైటెడ్ కథ వేరు. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం దాన్ని సుమారు 79 కోట్ల పౌండ్లకు కొన్నది. అందులో చాలా భాగం అప్పు. ఆ అప్పు భారం క్లబ్బు మీదే పడింది. మామిడితోట కొనడానికి అప్పు చేసి, దాన్ని తోట పేరనే రాసి, కాపు అమ్మి వడ్డీ కట్టడం లాంటిది. ఒప్పుకోని అభిమానులు కొందరు బయటికి వెళ్లి అదే ఏడు సొంతంగా ఇంకో క్లబ్బు పెట్టుకున్నారు.

2022 నవంబరులో, అమ్మే ఆలోచన కూడా ఉందని గ్లేజర్లు ప్రకటించారు. అంతే, ఏడాదిపాటు పుకార్లే పుకార్లు. ఖతార్ షేక్ కొనేశాడని ఒకరోజు, లేదు రాట్‌క్లిఫ్ కొన్నాడని ఇంకోరోజు. ప్రతి పుకారుకూ న్యూయార్క్‌లో షేరు ధర ఎగిరి పడేది. చివరకు షేక్ తప్పుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో రాట్‌క్లిఫ్‌కు దక్కింది పావు వంతుకు కాస్త ఎక్కువ వాటా మాత్రమే. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ వ్యాపారంలో పొగ పెట్టడమే పనిగా ఉన్నవాళ్లుంటారు. బేరం పెరగాలని అమ్మేవాడు, పేరు రావాలని కొంటానన్నవాడు.

ఆ దగ్గర్లోనే బరీ అనే ఊరు. 1885లో పుట్టిన క్లబ్బు. 2018 చివర్లో అది ఒక్క పౌండుకు చేతులు మారింది. 2019 ఆగస్టులో డబ్బు లెక్కలు చూపించలేక లీగు నుంచి బహిష్కరణకు గురైంది. ప్రపంచ యుద్ధాలు రెండు దాటిన క్లబ్బు, ఒక్క యజమాని దగ్గర ఆగిపోయింది.

మన ఇంటి సంగతీ చూద్దాం. రహీం సాహెబ్ లాంటి కోచ్‌ను దేశానికిచ్చిన నగరం హైదరాబాద్. అక్కడ 2019లో, పుణే జట్టు స్థానంలో, హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రెండేళ్లు తిరగకుండానే జీతాలందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. యాజమాన్యం మారింది. 2025లో జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. చప్పట్లు కొట్టిన ఊరిని ఎవరూ అడగలేదు.

జర్మనీలో 50+1 అనే నియమం ఉంది. ఎంత డబ్బున్నవాడైనా పెట్టుబడి పెట్టవచ్చు, కానీ ఓట్లలో సగానికి పైన సభ్యుల చేతిలోనే ఉండాలి. కొన్ని మినహాయింపులున్నా, అక్కడ సామాన్యుడి మాట చెల్లేది ఈ నియమం వల్లే.

ఇప్పుడు మన బడి. మన పాత భవనం పెచ్చులూడుతోంది. కొత్త భవనం ఖర్చంతా తానొక్కడే భరిస్తానని మన పెద్దన్నయ్య ఒకరు ముందుకొచ్చారు. ఆయన మనసుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అయితే బడిని ఎవరో కొనేస్తున్నారని మూడు నెలలుగా ఫోన్లలో పుకార్లు తిరుగుతున్నాయి. ఆ పుకార్లకు మందు ఒక్కటే, లెక్కలూ షరతులూ కాగితం మీద అందరి ముందు పెట్టడం.

సాయంత్రం సర్వసభ్య సమావేశంలో నేను మూడు ప్రతిపాదనలు పెడతాను. ఒకటి, అన్నయ్య ఇచ్చేదానిలో సగం భవనానికి, సగం ఎవరూ కదపలేని మూలనిధికి. రెండు, భవనానికి తగ్గిన మిగతా సగం మనమందరం వేసుకుందాం, వంద రూపాయలైనా సరే. మూడు, వంద ఇచ్చినవారికీ కోటి ఇచ్చినవారికీ కమిటీలో ఒక్కటే ఓటు.

కాంక్రీటు మాట వద్దన్నారు కానీ, ఒక్క ముక్కకు క్షమించండి. స్తంభం ఎంత గట్టిదైనా, కప్పు మొత్తాన్ని దానొక్కదాని మీదే మేం నిలపం. ఆ స్తంభాన్ని అవమానించడానికి కాదు, కింద పిల్లలు కూర్చుంటారని.

అన్నయ్యా, మీరు కూడా ఈ మూడింటికీ చెయ్యెత్తితే చాలా సంతోషిస్తాను.