చిన్న కాగితానికి చరిత్రలో చోటు: విల్నా యూదుల పత్రభాండాగారం

పత్రభాండాగారం అనగానే రాజశాసనాలు, సంధిపత్రాలు, రెవెన్యూ దస్తావేజులు, ప్రభుత్వ ఉత్తర్వులు మొదట స్ఫురించడం సహజమే గాని, రాజ్యం లేని ప్రజల విషయంలో, ఒక నగరంలో శతాబ్దాల తరబడి నివసించినా ఆ నగరపాలనలో చెప్పుకోదగిన అధికారం దక్కని సమాజాల విషయంలో ఆ మాటకు వేరే బరువు ఉంటుంది. అటువంటి సమాజపు చరిత్ర సర్కారు కాగితాల్లో పన్నుల లెక్కగానో, నిషేధాజ్ఞగానో, పోలీసు నివేదికగానో మిగులుతుంది. తన పెళ్లిళ్లను, బడులను, పాటలను, నాటకాలను, లోపలి తగవులను ఆ సమాజమే భద్రపరచుకోకపోతే మరెవరూ ఆ పని చేయరు. తూర్పు యూరప్‌లోని విల్నా నగర యూదులు ఈ సంగతిని చాలా ముందుగా గ్రహించారు. రెండు నిరంకుశ పాలనలను దాటుకొని వారి కాగితాలు నేటికీ మిగలడానికి 1940ల్లో కొందరు చూపిన సాహసమే కారణమని చెప్పడం పరిపాటి. ఆ సాహసం నిస్సందేహంగా మహత్తరమైనదే. అయితే ఒక నాటక ప్రదర్శన కరపత్రాన్ని, ఒక బడిపిల్ల నోటుపుస్తకాన్ని ప్రాణాలొడ్డి దాచదగిన వస్తువులుగా వారు చూడగలిగారంటే, అంతకు ముందు అర్ధశతాబ్ది పాటు ఆ చూపు ఆ సమాజంలో అలవాటుగా పెరిగి ఉండడమే అందుకు మూలమన్నది ఈ ఉపన్యాసపు ప్రతిపాదన.

నేడు విల్నియస్ పేరుతో లిథువేనియా రాజధానిగా ఉన్న ఈ నగరం ఒకే శతాబ్దిలో రష్యన్ సామ్రాజ్యం, పోలండ్, లిథువేనియా, సోవియట్ యూనియన్, నాజీ జర్మనీల ఏలుబడులను చూసింది. 1897 నాటి జనాభా లెక్కల్లో నగరవాసుల్లో దాదాపు 40 శాతం యూదులే. మతవిద్యకు, ముద్రణాలయాలకు, గ్రంథాలయాలకు నెలవైనందున ‘లిథువేనియా జెరూసలేం’ అన్న పేరు దానికి స్థిరపడింది. యూదులు ఎక్కడ స్థిరపడితే అక్కడి భాషతో పెనవేసుకొని బతికినవారు: కొచ్చిలో వారి భాష మలయాళం, గుంటూరు ప్రాంతంలోని బెనె ఎఫ్రయిమ్ అనే చిన్న సమాజం మాట్లాడేది తెలుగు. తూర్పు యూరప్ యూదుల ఇంటిభాష యిడ్డిష్. మధ్యయుగపు జర్మన్ పునాదిపై హీబ్రూ పదాలను, స్లావిక్ భాషల పదాలను కలుపుకొని, హీబ్రూ లిపిలో రాసే ఈ భాషను పండితులు చాలాకాలం పామరుల పలుకుగా తీసిపారేశారు. విల్నాలోనే దానికి శాస్త్రగౌరవం దక్కింది. భాషకు గౌరవం వచ్చిన తరువాతే ఆ భాషలో రాసుకున్న సంతలెక్కలకు, ప్రేమలేఖలకు చారిత్రకాధారాలుగా గుర్తింపు వచ్చిందనడం సమంజసం.

ఈ మార్పు ఒక్కనాటిది కాదు. 1891లో చరిత్రకారుడు సైమన్ దుబ్నోవ్, రష్యాలోని యూదులు తమ ఊళ్లలోని సామాజిక రికార్డులను వెదికి సేకరించవలసిన అవసరాన్ని వివరిస్తూ ఒక పిలుపునిచ్చాడు. ఆయన దృష్టి ప్రధానంగా ‘పిన్కస్’లపై నిలిచింది. పిన్కస్ అంటే యూదు సమాజమో, సంఘమో తన తీర్మానాలను, చందాలను, ఎన్నికలను, శిక్షలను తరతరాలుగా నమోదు చేసుకుంటూ వచ్చిన పుస్తకం. రాజ్యం లేని ప్రజలకు ఇంచుమించు అదే రాజపత్రం. ఇరవయ్యేళ్ల తరువాత, 1912 నుంచి 1914 వరకు, రచయిత ఎస్. ఆన్‌స్కీ ఉక్రెయిన్ ప్రాంతపు చిన్న పట్టణాల్లో తిరిగి పాటలను, కథలను, ఆచారాలను, వస్తువులను సేకరించిన యాత్రతో, లిఖితపత్రాలకు మౌఖిక సంప్రదాయం కూడా తోడైంది. విల్నాలోనైతే 1885లో మరణించిన మతిత్యాహు స్ట్రషున్ అనే పండితుడు తన గ్రంథసంపదను నగర యూదు సమాజానికి రాసి ఇవ్వగా, మహా సినగాగ్ ప్రాంగణంలో వెలసిన స్ట్రషున్ గ్రంథాలయంలో యూదు ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్ చదివే వృద్ధులు, రాజకీయ పత్రికలు చదివే యువకులు ఒకే బల్లల దగ్గర కూర్చున్నారు. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనామందిరం. దాని గోడ పక్కనే లౌకికగ్రంథాలకు కూడా చోటు దొరకడం ఆ నగరపు స్వభావాన్ని చెబుతుంది.

1925లో విల్నా కేంద్రంగా ఏర్పడిన యీవో అనే సంస్థ ఈ ధారలన్నింటినీ ఒక పద్ధతిలోకి తెచ్చింది. యిడ్డిష్ శాస్త్రీయ పరిశోధన సంస్థ అన్న అర్థమిచ్చే పేరులోని తొలి అక్షరాలతో ఏర్పడిన పొట్టి పేరు అది. భాషావేత్త మాక్స్ వైన్‌రైక్ దానికి ఆయువుపట్టు. ఐన్‌స్టైన్, ఫ్రాయిడ్ వంటివారు గౌరవసభ్యులు. కాని యీవోను యీవోగా నిలిపినవారు ఆ ప్రసిద్ధులు కారు, ‘జామ్లర్లు’ అనే స్వచ్ఛంద సేకర్తలు. బడిపంతుళ్లు, కుట్టుపనివారు, విద్యార్థులు, దుకాణదారులు తమ ఊళ్లలోని సామెతలను, పిల్లల ఆటపాటలను, సమాధిఫలకాలపై రాతలను, సంఘాల నోటీసులను, గోడపత్రికలను ప్రశ్నావళుల ప్రకారం సేకరించి విల్నాకు పంపేవారు. పై అధికారి ఆజ్ఞపై బయటివారు చేసే సేకరణకు, సమాజమే తనను తాను నమోదు చేసుకోవడానికి మధ్య తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఏది ముఖ్యమో నిర్ణయించే అధికారం కొంతమేరకైనా, ఆ జీవితం గడుపుతున్నవారి చేతికే వచ్చింది.

యీవో సేకరణల్లో అన్నిటికన్నా విలువైనవి ఏవని అడిగితే 1932, 1934, 1939 సంవత్సరాల్లో యువతీయువకులకు పెట్టిన ఆత్మకథల పోటీలకు వచ్చిన వ్రాతలనే చెప్పవలసి ఉంటుంది. పదహారు మొదలు ఇరవై రెండేళ్ల వయసువారు మారుపేరుతోనైనా తమ జీవితాన్ని దాపరికం లేకుండా రాసి పంపాలన్నది నియమం. ఆరు వందలకు పైగా ఆత్మకథలు చేరాయి. పేదరికం, చదువుకోవాలన్న ఆశ, తల్లిదండ్రులతో ఘర్షణ, మతంపై సందేహం, రాజకీయ సంఘాల ఆకర్షణ, తొలిప్రేమలు వాటినిండా ఉన్నాయి. వాటిని రాసినవారికి తమ తరం తుడిచిపెట్టుకుపోతుందని తెలియదు. అందుకే యుద్ధానంతరం రాసిన స్మృతుల్లో అనివార్యంగా కమ్ముకొనే విషాదఛాయ లేకుండా, సాగిపోతున్న జీవితం సాగిపోతున్నట్లుగానే వాటిలో కనబడుతుంది. నశించిన సమాజాన్ని దాని మరణం ద్వారా మాత్రమే స్మరించడం ఆ సమాజానికి జరిగే రెండో అన్యాయం. ఆ అన్యాయాన్ని ఈ ఆత్మకథలు చాలావరకు అడ్డుకున్నాయి.

1939లో యుద్ధం మొదలైనప్పుడు విదేశంలో ఉన్న వైన్‌రైక్ న్యూయార్క్ చేరగా, 1940లో సంస్థ ప్రధానకేంద్రం కూడా అక్కడికే మారింది. భాండాగారం మాత్రం విల్నాలోనే ఉండిపోయింది. 1941 జూన్ చివరలో జర్మన్ సేన నగరాన్ని ఆక్రమించింది. కొద్ది నెలల్లోనే యూదుల్లో అత్యధికులను ఊరి వెలుపలి పొనారీ అడవిలో కాల్చిచంపి, మిగిలినవారిని సెప్టెంబరులో ఏర్పరచిన గెట్టోలో, అంటే యూదులను నిర్బంధించేందుకు కంచెవేసి విడదీసిన ఇరుకు వాడలో బంధించారు. నాజీ పార్టీ సిద్ధాంతకర్త ఆల్ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ పేరిట పనిచేసిన దోపిడీ దళం యూదుల గ్రంథాలపై కన్నువేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో నెలకొల్పిన ‘యూదు సమస్య’ పరిశోధన సంస్థకు ఆ పుస్తకాలు ముడిసరుకు కావాలి. జెరూసలేంలో హీబ్రూ చదివిన యోహానెస్ పోల్ అనే జర్మన్ నిపుణుడు ఈ పనికి విల్నా వచ్చాడు. ఒక జాతి సాహిత్యాన్ని శ్రద్ధగా అభ్యసించిన పాండిత్యం ఆ జాతి వినాశనానికి కొలువు చేసిన తీరు ఏ విద్వత్సభ అయినా మరువరాని విషయం.

యీవో భవనాన్నే పుస్తకాలను వేరుచేసే స్థలంగా మార్చి, సుమారు 40 మంది గెట్టోవాసులను అందుకు వినియోగించారు. గెట్టోలో కొందరు ఎగతాళిగా పెట్టిన ‘కాగితాల దళం’ అన్న పేరే వారికి చరిత్రలో నిలిచింది. గెట్టో గ్రంథాలయాధికారి హెర్మన్ క్రుక్, యీవో పండితుడు జెలిగ్ కల్మనోవిచ్, కవులు అబ్రహాం సుట్స్‌కేవర్, ష్మెర్కె కచెర్గిన్‌స్కీ అందులో ఉన్నారు. వచ్చిన సామగ్రిలో 30 శాతం మాత్రమే జర్మనీకి పంపాలి. మిగిలిందంతా కాగితపు మిల్లుకు పోయి గుజ్జు కావాలి. వీరు రోజూ సాయంత్రం బట్టల కింద రాతప్రతులను, లేఖలను, పిన్కస్‌లను దాచుకొని గెట్టో ద్వారం దాటేవారు. పట్టుబడితే దెబ్బలో, మరణమో. అలా తెచ్చినవాటిని గెట్టోలోని నేలమాళిగల్లో దాచారు, కొన్నిటిని యీవో భవనపు అటక మీదే మరుగుపరిచారు, మరికొన్నిటిని విల్నియస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఓనా షిమైటే వంటి లిథువేనియన్ మిత్రుల చేతికి చేర్చారు.

ఈ దళంలో సాగిన ఒక అభిప్రాయభేదం ప్రత్యేకంగా విచారించదగినది. జర్మనీకి పంపినవే కడకు బతుకుతాయని, యుద్ధం ముగిశాక దోపిడీసొత్తు ఎక్కడున్నా దొరుకుతుందని కల్మనోవిచ్ నమ్మాడు. శత్రువు చేతికి ఒక్క పుట కూడా చేరకూడదని, ఉన్న ఊళ్లోనే దాచాలని కవులు భావించారు. చరిత్ర ఈ వాదాన్ని ఒక పక్షానికి అనుకూలంగా తీర్చలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌కు తరలిన సంపద అమెరికన్ సేన చేతికి చిక్కి, ఆఫెన్‌బాఖ్‌లోని సేకరణకేంద్రం ద్వారా 1947లో న్యూయార్క్‌లోని యీవోకు చేరింది. విల్నాలో అటక మీద దాచినవి అగ్నికి ఆహుతయ్యాయి గాని, భూగర్భంలో దాచినవి బయటపడ్డాయి. కల్మనోవిచ్ తన అంచనా నిజమైనదని తెలుసుకోకుండానే 1944కు ముందో, ఆ ఏడాదిలోనో, గెట్టో నుంచి తరలించిన ఎస్టోనియా నిర్బంధ శిబిరాల్లో కన్నుమూశాడు. క్రుక్ తన దినచర్య పుటలను అక్కడి లాగెడి శిబిరంలో సాక్షుల ఎదుట పాతిపెట్టిన మరునాడే, 1944 సెప్టెంబరులో, హత్యకు గురయ్యాడు. ఆ సాక్షుల్లో బతికిన ఒక్కరు వాటిని తవ్వితీశారు. పాతిపెట్టేటప్పుడు సాక్షులను నిలుపుకోవడం ఒక గ్రంథాలయాధికారి చివరి వృత్తిధర్మం. అదే కాలంలో వార్సా గెట్టోలో ఎమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ రహస్యంగా నడిపిన భాండాగారం పాలక్యాన్లలో, రేకుపెట్టెల్లో భూమిలో దాగి 1946లోను, 1950లోను బయటపడింది. ఆయన కూడా యీవో పరంపరలో తయారైన చరిత్రకారుడే కావడం యాదృచ్ఛికం కాదు.

1944 జులైలో నగరానికి విముక్తి లభించగానే సుట్స్‌కేవర్, కచెర్గిన్‌స్కీ శిథిలాల్లోంచి కాగితాలను వెలికితీసి యూదు మ్యూజియం స్థాపించారు. కాని సోవియట్ అధికారులు కూడా టన్నులకొద్దీ యీవో పత్రాలను కాగితపు మిల్లుకే పంపారు. 1949లో మ్యూజియం మూతపడింది. ఆ ఇద్దరూ అంతకు ముందే కొంత సామగ్రిని చాటుగా సరిహద్దు దాటించి, తామూ దేశం వదిలారు. మిగిలిన దానిని కాపాడినవాడు యూదుడు కాని ఆంటానస్ ఉల్పిస్. ప్రచురణలను నమోదుచేసే లిథువేనియా ప్రభుత్వ సంస్థ ‘గ్రంథసదనం’ అధ్యక్షుడుగా ఆయన ఆ కట్టలను తమ గోదాముగా ఉన్న సెయింట్ జార్జి చర్చిలో, యిడ్డిష్ మాట వినబడడమే కష్టమైన ఏళ్లలో, మౌనంగా నిలవ ఉంచాడు. 1981లో ఆయన మరణించే నాటికి ఆ సంగతి లోకానికి తెలియదు. 1980ల చివరలోనే వెల్లడైంది. ఉల్పిస్ పేరు ఈ చరిత్రలో ఇంకా ప్రముఖంగా వినిపించవలసి ఉన్నది.

అక్కడి నుంచి హక్కుల ప్రశ్న తలెత్తింది. ఈ పత్రాలు తమ సంస్థవేనని న్యూయార్క్ యీవో అన్నది. తమ నేల మీద పుట్టి, తమ పౌరుడు కాపాడిన జాతీయ వారసత్వమని లిథువేనియా అన్నది. రెండు వాదాలకూ ఆధారం ఉన్నది. సమాజమే లేకుండా పోయిన నగరంలో వారసుడెవరన్న ప్రశ్నకు న్యాయశాస్త్రం పూర్తి సమాధానం ఇవ్వలేదు. 1990ల మధ్యలో కొంత భాగాన్ని న్యూయార్క్‌కు తెచ్చి నకళ్లు తీసి తిరిగి పంపారు. 2017లో లిథువేనియా జాతీయ గ్రంథాలయంలో మరో 1,70,000 పుటలు గుర్తింపు పొందాయి. ఒక అయిదో తరగతి బాలిక 1930ల్లో రాసిన ఆత్మకథ వాటిలో ఒకటి. యీవో ఆన్‌లైన్ మ్యూజియం తొలి ప్రదర్శన దాని ఆధారంగానే రూపొందింది. 2015లో మొదలైన సంయుక్త ప్రణాళిక 2022 నాటికి దాదాపు 41 లక్షల పుటలను డిజిటల్ రూపంలో ఒకచోట చేర్చింది. మూలప్రతులు ఉన్నచోటనే ఉన్నాయి.

ఈ పరిష్కారానికి ఒక లాభం ఉన్నది. భాండాగారశాస్త్రంలో ‘మూలక్రమం’ అనే సూత్రం ఉన్నది: ఒక సంస్థ కాగితాలను అది పెట్టుకున్న వరుసలోనే ఉంచాలి, ఎందుకంటే పక్కనున్న కాగితమే ఒక కాగితానికి అర్థం చెబుతుంది. దోపిడీ ఆ వరుసను చెదరగొట్టింది; ఒకే లేఖలోని రెండు పుటలు రెండు ఖండాల్లో పడ్డాయి. వాటిని తెర మీద మళ్లీ కలపడం సాధ్యమైంది. కాని కలపగలగడానికి ముందు ఆ రెండు పుటలూ ఒకే లేఖవని గుర్తించే మనిషి ఉండాలి, ఆ మనిషికి యిడ్డిష్ చేతిరాత, విల్నా వీధుల పాతపేర్లు, ఆనాటి రాజకీయ సంఘాల సంక్షిప్తనామాలు తెలియాలి. 1968 నుంచి యీవో నడుపుతున్న వేసవి యిడ్డిష్ తరగతులు అటువంటి పాఠకులను తయారుచేస్తున్నాయి. స్కానింగ్ యంత్రాలకు దొరికినంత ధనం ఆ చదువుకూ దొరకాలని కోరడం న్యాయమే. సేకరణల్లో ఖాళీలూ ఉన్నాయి. జామ్లర్లకు పెద్దగా ఆసక్తి లేని విషయాలు, రాయడం రాని నిరుపేద స్త్రీల జీవితాలు, సంఘాల్లో చేరనివారి ఆలోచనలు తక్కువగా నమోదయ్యాయి. ప్రదర్శనలకు అందమైన రాతప్రతులను ఎంచుకొనే మోజులో సంఘాల చందా పుస్తకాలు, అనాథశరణాలయ దరఖాస్తులు, ఆసుపత్రుల చిట్టాలు మరుగున పడుతున్నాయి. ఆ ఖాళీలు కొంతైనా పూడేది వీటి ద్వారానే గనుక, వర్ణనసూచీల తయారీలో మొదటి శ్రద్ధ వీటికి దక్కవలసి ఉన్నది.