పెట్టె లేని నిధి వేట



ఫోన్‌లో లొకేషన్ పంపడం మీకు రోజూ ఉండే పనే. ఆ లొకేషన్‌తోనే ఆడే ఆట ఒకటుంది, దాన్ని జియోకాషింగ్ అంటారు. అప్పటిదాకా సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తేడా పెట్టేది. 2000 మే 2న దాన్ని తీసేసింది. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్‌లో ఒక బకెట్లో నోటుబుక్కు, పెన్సిలు, కొన్ని వస్తువులు పెట్టి దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో చెప్పారు. వెతికి పట్టుకున్నవాళ్లు ఆ బుక్కులో పేరు రాయాలి. ఆట అంతే.

చాంద్రాయణగుట్టలో మాత్రం పెట్టెలు దాచొద్దు. బస్తీలో ఏ మూలనో డబ్బా కనబడితే జనం భయపడతారు, పోలీసులు వస్తారు. ఊరికి కొత్తవాళ్లమైన మనమీదే ముందు అనుమానం వస్తుంది. పక్కన కంచన్‌బాగ్‌లో రక్షణ సంస్థలున్నాయి, అటువైపు ఫొటోలు కూడా తీయొద్దు. ఈ ఆటలో పెట్టె లేని పద్ధతీ ఉంది. చోటు చెప్పి, అక్కడికి వెళ్తేనే జవాబు దొరికే ప్రశ్న ఇస్తారు. మనకు అదే సరైనది.

బార్కాస్ తీసుకోండి. నిజాం సైన్యంలోని అరబ్బుల బ్యారక్స్ ఉన్న చోటు కాబట్టి ఆ పేరొచ్చింది. అక్కడి పెద్దమనిషిని సలాం చేసి, మీ తాతముత్తాతలు ఎక్కడివారని అడగండి. యెమెన్‌లోని హద్రమౌత్ పేరు వినబడొచ్చు. పైగా సమాధుల దగ్గర గోడల జాలీల్లో ఎన్ని రకాల అల్లికలున్నాయో లెక్కపెట్టండి. గుట్టమీది ఫలక్‌నుమా ప్యాలెస్‌ను కట్టించిన వికారుల్ ఉమ్రా కూడా ఆ పైగా వంశంవాడే.

ఇక్కడ నేర్చుకున్న పద్ధతిని మన ఊళ్లకు తీసుకెళ్లాలన్నదే మా కోరిక. నిర్మల్‌లో 1860లో రాంజీ గోండును, ఆయనతో వెయ్యిమందిని ఉరితీశారని మన పెద్దలు చెబుతారు. ఆ వెయ్యి ఉరుల మర్రి ఇప్పుడు లేదు. చెట్టు పోయినా చోటు చూపించగలిగే మనుషులు ఉండబట్టే ఆ కథ నిలిచింది. మన గూడేల్లో, తండాల్లో అలాంటి చోట్లు ఎన్నో ఉన్నాయి. పాత ఊరు ఉన్న జాగా, ఎండిపోయిన చెలిమ, సంత జరిగిన చింతతోపు. వాటికి బోర్డులుండవు. ఇవన్నీ తెలిసిన అవ్వలు, తాతలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఈసారి సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క చోటు చాలు. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. లొకేషన్ రాయండి, కథ రాయండి, చెప్పినవాళ్ల పేరు వాళ్లు సరేనంటే రాయండి. దేవర గద్దెలు, సమాధులు ఎక్కడున్నాయో అందరికీ పంపొద్దు. ఏది చెప్పాలో, ఏది దాచాలో ఊరి పెద్దలదే మాట.

సెలవులయ్యాక ఆ కాగితాలన్నీ హాస్టల్‌కు తెండి, కలిసి చదువుకుందాం.