పెరటి మస్కొవీ బాతు: గ్రుడ్లు పెట్టుట, పొదుగుట

(తెల్లాపూర్‌లో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను సస్యశాస్త్రము బోధించువాడను. వరి, జొన్న, కంది గూర్చి మాట్లాడవలసినవాడు బాతులను గూర్చి మాట్లాడుట ఏమని మీలో కొందరికి తోచవచ్చును. దానికి కారణమున్నది. ఈ చుట్టుప్రక్కల సాగుభూమి ఎట్లు తగ్గిపోయినదో నాకంటె మీకే బాగుగా తెలియును. ఒకప్పుడు మెదక్ జిల్లాలో పల్లెగా ఉండిన తెల్లాపూర్ 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరినది. 2018లో పురపాలక సంఘమైనది. వరిమళ్లు ఉన్న చోట మేడలు లేచినవి. అయినను పాత ఇండ్లకు పెరడు మిగిలినది. ఆ పెరటిలో ఒక జామచెట్టు, నాలుగు కోళ్లు, అక్కడక్కడ రెండు మూడు బాతులు మిగిలినవి. పొలము సంగతి మాట్లాడుదమని వచ్చిన నన్ను ఇంటి ఆడవారు పెరటి సంగతులే ఎక్కువగా అడుగుచున్నారు. అట్లు అడిగిన ఒక ప్రశ్నకు నేను తప్పు సమాధానము చెప్పితిని. ఆ తప్పు మీకు జరుగకుండుటకే ఈ ప్రసంగము.

ఈ బాతు వేరు జాతి

ముఖముపై ఎర్రని కండ, బరువైన దేహము, మెల్లని నడక గల బాతును మీరు చూచియుందురు. ఇది మామూలు బాతువలె అరవదు. మగది బుసకొట్టినట్లు శబ్దము చేయును. ఆడది సన్నగా కూయును. దీనినే మస్కొవీ బాతు అందురు. పేరు అట్లున్నను రష్యాలోని మాస్కో నగరముతో దీని పుట్టుకకు సంబంధము లేదు. దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. కొలంబస్ అక్కడికి పోకముందే ఆ దేశస్థులు దీనిని మచ్చిక చేసికొనిరి.

గోదావరి, కృష్ణా, నెల్లూరు ప్రాంతములలో కోతలైన మళ్లలో మందలుగా తోలుకొనిపోవు బాతులు వేరు, ఇవి వేరు. ఆ బాతుల మూలము మల్లార్డ్ అను అడవి బాతు. ప్రపంచములోని పెంపుడు బాతులన్నియు ఆ మూలమునుండియే వచ్చినవి. మస్కొవీ ఒక్కటే వేరు మూలమునకు చెందినది. కనుక ఒకదాని లెక్క మరియొకదానికి సరిపోదు. ఈ మాట గుర్తుంచుకొనుడు. మున్ముందు దీనితోనే పని యున్నది.

అడవి మస్కొవీ చెట్టు తొఱ్ఱలో గూడు కట్టును. అందుకే మన పెరటి బాతుకును వాడియైన గోళ్లున్నవి. అది గోడపైకి, కొమ్మపైకి ఎగిరి కూర్చొనును. గ్రుడ్లు పెట్టుటకు చీకటిగా, మూసినట్లుండు చోటును వెదకికొనును. కట్టెల మోపు వెనుక, గడ్డివాము క్రింద, పాత గంపలో గ్రుడ్లు దొరకుట ఇందువలననే.

గ్రుడ్లు పెట్టు రీతి

ఆడ మస్కొవీ సుమారు 6, 7 నెలల వయస్సున గ్రుడ్లు పెట్ట మొదలిడును. ఒక్కొక్క గ్రుడ్డు 70 మొదలు 80 గ్రాముల వరకు తూగును. ఒక విడతకు 10 మొదలు 16 వరకు పెట్టి, ఆపివేసి, పొదుగుటకు కూర్చొనును. ఏడాదికి రెండు మూడు విడతలు, బాగుగా మేపిన చోట నాలుగు విడతలు రావచ్చును. గ్రుడ్లు అమ్ముకొని ఆదాయము పొందగోరువారు దీనిని పెంచరాదు. అందులకు ఖాకీ కాంప్‌బెల్ వంటి గ్రుడ్ల జాతులున్నవి. కాని ఆ జాతులు పొదుగుట దాదాపు మరచిపోయినవి. వాని గ్రుడ్లను కోడి క్రిందనో యంత్రములోనో పెట్టవలసియుండును. మస్కొవీకి యంత్రముతో పని లేదు. తన పిల్లలను తానే లేపుకొనును. మాంసమునకు, పిల్లలకు ఇది మేలైన పక్షి.

అయిదు ఆడ బాతులకు ఒక మగ బాతు చాలును. పెరటిలో మామూలు బాతులు కూడ ఉన్నచో రెండు జాతులును కలిసి సంకర పిల్లలు పుట్టవచ్చును. అవి మాంసమునకు బాగుండును గాని గొడ్డుపక్షులు. వాని గ్రుడ్లనుండి పిల్లలు రావు. సంతతి నిలుపుకొనదలచినవారు రెండింటిని వేరుగా ఉంచవలెను.

విడత నిండువరకు బాతు పొదుగుటకు కూర్చొనదు. గ్రుడ్డు పెట్టి, దానిపై గడ్డి, ఆకులు కప్పి లేచిపోవును. ఇందులో గొప్ప యుక్తి యున్నది. మొదటి గ్రుడ్డు, చివరి గ్రుడ్డు ఒకే రోజున వేడెక్కుట మొదలైనచో పిల్లలన్నియు ఒకే రోజున లేచును. అయితే మన ఎండకాలములో ఈ యుక్తి చెడును. వేడి 21 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో, తల్లి కూర్చొనకున్నను గ్రుడ్డులోని పిండము కొద్దిగా కదలి, పెరిగీ పెరుగక చచ్చును. కనుక ఆ రోజులలో గ్రుడ్లను ఏ రోజుకారోజు తీసి, ఇంటిలో చల్లని చోట, కుండ దగ్గర ఇసుకలో, మొన క్రిందికి ఉండునట్లు పెట్టవలెను. గూటిలో గుర్తు పెట్టిన గ్రుడ్డొకటి విడువవలెను. లేనిచో బాతు ఆ చోటు మార్చును. దాచిన గ్రుడ్లు 7 మొదలు 10 రోజులలోపున పొదుగునకు పెట్టిననే మంచిది. కడుగరాదు, మట్టి యున్నచో పొడిగుడ్డతో తుడువవలెను.

గూడు

చెక్కపెట్టె గాని, ఇటుకలు పేర్చిన గూడు గాని చాలును. 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉండిన సరిపోవును. ముందు గడప కొద్దిగా ఎత్తుగా ఉన్నచో గ్రుడ్లు దొర్లిపోవు. అడుగున మట్టి, దానిపై ఎండిన వరిగడ్డి వేయవలెను. బూజుపట్టిన గడ్డి పనికిరాదు. గూడు నీడలో, వాన జల్లు పడని మూలలో ఉండవలెను. పొదుగు బాతునకు ఒక్కొక్క దానికి ఒక్కొక్క గూడు వేరుగా కావలెను. ఒకే గూటిలో రెండు బాతులు గ్రుడ్లు పెట్టినచో రెండును అక్కడనే కూర్చొని పోట్లాడుకొనును, గ్రుడ్లు పగులును.

పొదుగు లక్షణములు

బాతు రాత్రియు గూటిలోనే ఉండుట, రొమ్ముపై మెత్తని తూలిక పీకి గూటిలో పరచుట, దగ్గరికి పోయిన బుసకొట్టి తోక విప్పుట కనబడినచో అది పొదుగునకు వచ్చినదని తెలిసికొనవలెను. అప్పుడు సాయంకాలము చీకటిపడిన తరువాత గ్రుడ్లను దాని క్రింద పెట్టవలెను. 12 మొదలు 15 వరకే పెట్టవలెను. ఆశపడి 20 పెట్టినచో అంచున ఉన్నవి చల్లబడును. బాతు గ్రుడ్లను త్రిప్పుచుండును గనుక నేడు అంచున ఉన్నది రేపు నడుమకు పోయి, నడుమది అంచుకు వచ్చును. ఇట్లు వంతులవారీగా అన్నియు చల్లబడి చెడును.

పెట్టిన ప్రతి గ్రుడ్డుపై పెన్సిలుతో గీత గీయవలెను. తరువాత మరియొక బాతు వచ్చి గూటిలో గ్రుడ్డు పెట్టినచో గీత లేనిదానిని తీసివేయవచ్చును. అట్లు తీయకున్నచో ముందు లేచిన పిల్లలతో తల్లి గూడు విడిచిపోవును. వెనుక పెట్టిన గ్రుడ్లలోని పిల్లలు పెంకులోనే చచ్చును.

కూర్చున్న తల్లి రోజుకు ఒకమారు లేచి, తిని, త్రాగి, స్నానము చేసి, అరగంటలోపుననే తిరిగి వచ్చును. గూటికి దగ్గరగా వడ్లు గాని జొన్నలు గాని, ఒక తొట్టిలో నీరు గాని సిద్ధముగా ఉంచవలెను. తడిసిన రొమ్ముతో వచ్చి కూర్చున్నదని భయపడరాదు. ఆ తేమ గ్రుడ్లకు మేలే.

ముప్పదియైదు దినముల లెక్క

ఇక నా తప్పు సంగతి. గత వానకాలమున ఈ ఊరిలో ఒక అవ్వ ఇంటికి పోతిని. పొలము ఎన్నడో పోయినది. పెరటిలో మూడు మస్కొవీ బాతులు, ఒక సిమెంటు తొట్టి ఉన్నవి. ఒక బాతు 12 గ్రుడ్లపై కూర్చొని 29 దినములైనది. “సారూ, కోడికి ఇరవై ఒక్క రోజు. ఇది నెల దగ్గరికి వచ్చినా పిల్లలు లేవలే. ఏం జెయ్యాలె?” అని అడిగినది. నాకు బాతు గ్రుడ్డు 28 దినములని పుస్తకపు లెక్క తెలియును. ఒక గ్రుడ్డును బ్యాటరీ దీపమునకు ఎదురుగా పట్టి చూచితిని. లోపల అంతయు నల్లగా ఉన్నది. “మురిగిపోయినవి అవ్వా, పారవేయుము” అంటిని.

అవ్వ ఆ ఒక్క గ్రుడ్డును దిబ్బ దగ్గర పగులగొట్టినది. లోపల పిల్ల యున్నది. ఈకలు వచ్చియున్నవి, పచ్చసొన ఇంకను పొట్ట బయటనే యున్నది. కొంతసేపు కదలి ఆగిపోయినది. అవ్వ నన్ను ఏమియు అనలేదు. మిగిలిన గ్రుడ్లున్న గూటివైపు చూచి, “గుడ్లు కరాబైతే బాతే లేచిపోతుండె గద సారూ. అది ఇంక కూసునే ఉన్నది” అన్నది.

నేను చెప్పిన 28 దినములు మల్లార్డ్ మూలమునుండి వచ్చిన బాతుల లెక్క. మస్కొవీకి 33 మొదలు 35 దినములు పట్టును. జాతి వేరైనచో లెక్క వేరగునని తరగతిలో వరి రకములకు చెప్పు నేనే బాతు దగ్గర మరచితిని. ఒక్కొక్క వరి రకమునకు ఒక్కొక్క కాలపరిమితి యుండును. 150 దినముల వరిని 120వ దినమున కోసి, గింజ పాలు పట్టలేదని విత్తనమును నిందించిన రైతు ఎట్టివాడో నేను అట్టివాడనైతిని.

అవ్వ మిగిలిన పదకొండింటిని కదల్చలేదు. 35వ దినమున తొమ్మిది పిల్లలు లేచినవి.

దీపముతో పరీక్షించుట

పరీక్ష మంచిదే, చూచు విధము తెలియవలెను. పొదుగునకు పెట్టిన 8 మొదలు 10 దినములకు రాత్రివేళ గ్రుడ్డు వెడల్పు కొసను దీపమునకు ఆనించి చూచినచో, లోపల సాలెపురుగువలె ఎర్రని నరములు కనబడవలెను. ఏమియు లేక వెలుతురు సాంతము కనబడినచో అది ఒట్టి గ్రుడ్డు, తీసివేయవచ్చును. 25 దినములు దాటిన తరువాత మంచి గ్రుడ్డు కూడ నల్లగానే కనబడును. పిల్ల లోపల నిండి వెలుతురును అడ్డగించుటయే కారణము. వెడల్పు కొసన గాలి గది తేటగా ఉండి, దాని అంచు స్పష్టముగా ఉండి, అక్కడ నరములు కనబడినను, నీడ కదలినను అది బ్రతికియున్నది. గాలి గది అంచు చెదరి, లోపల ద్రవము నీళ్లవలె ఊగి, దుర్వాసన వచ్చినదే మురిగినది. అనుమానము కలిగినచో గ్రుడ్డును తల్లి క్రిందనే ఉంచవలెను. 36 దినముల వరకు వేచిన పోవునదేమియు లేదు.

పెంకుపై చిన్న పగులు కనబడిన తరువాత పిల్ల బయటికి వచ్చుటకు ఒక దినము, ఒక్కొక్కప్పుడు రెండు దినములు పట్టును. ఆ వేళలో పిల్ల ఊపిరి పీల్చుట నేర్చుకొనుచు, మిగిలిన పచ్చసొనను పొట్టలోనికి లాగుకొనుచుండును. జాలిపడి పెంకు ఒలిచినచో రక్తము కారి చచ్చును.

కోడి క్రింద మస్కొవీ గ్రుడ్లు పెట్టవచ్చునా అని కొందరు అడుగుచున్నారు. కోడి 6, 7 గ్రుడ్లకంటె కప్పలేదు. మూడు వారములు దాటగానే దానికి విసుగు పుట్టవచ్చును. మస్కొవీ తల్లి ఉండగా కోడిని శ్రమపెట్టనక్కరలేదు.

పిల్లల పోషణ

లేచిన పిల్లలకు మొదటి దినము మేత అవసరము లేదు; పొట్టలోని పచ్చసొన చాలును. తరువాత నూకలు, తవుడు, సన్నగా తరిగిన ఆకుకూర పెట్టవలెను. బాతుపిల్లలకు నయాసిన్ అను విటమిను కోడిపిల్లలకంటె ఎక్కువ కావలెను. అది చాలనిచో కాళ్లు వంకరపోవును. త్రాగు నీటి పాత్ర ముక్కు మునుగునంత లోతుగా ఉండవలెను గాని పిల్ల పడి మునుగునంత వెడల్పు ఉండరాదు.

బూజుపట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న ఎంత చౌకగా దొరకినను బాతులకు వేయరాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు, వానితోబాటు బాతుపిల్లలు చనిపోగా, బూజుపట్టిన వేరుశనగ పిండియే కారణమని తేలినది. అఫ్లాటాక్సిన్ అను విషము అట్లే బయటపడినది. దానికి బాతుపిల్ల మిక్కిలి సులభముగా లొంగును.

కుక్క, పిల్లి, ముంగిస, కాకి, గ్రద్దలనుండి మొదటి నెల కాపాడవలెను. రాత్రి తల్లిని, పిల్లలను వల బిగించిన గూటిలో మూయవలెను. చెరువులో అడవి పక్షులతో కలియనీయకుండుట మేలు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లకు వచ్చిన బర్డ్ ఫ్లూ మీకు జ్ఞాపకముండును. పక్షులు ఒక్కుమ్మడిగా చచ్చినచో ముట్టుకొనక వెంటనే పశువైద్యునికి తెలుపవలెను.

ముఖ్యాంశములు

1. నడి వేసవిలో పొదుగునకు పెట్టకుడు. తొలకరి తరువాతనుండి చలికాలము వరకు అనుకూలము.
2. ఒక బాతుకు ఒక గూడు, 12 మొదలు 15 గ్రుడ్లు.
3. పెట్టిన తేదీని గోడపై వ్రాయుడు. గ్రుడ్లపై గీత గీయుడు.
4. కోడికి 21, మామూలు బాతుకు 28, మస్కొవీకి 35 దినములు.
5. తల్లి విడువని గ్రుడ్డును మీరు విడువకుడు.

పుస్తకము చదివినవాని మాటకంటె కూర్చున్న బాతు మాట ఒక్కొక్కప్పుడు నిజమగును. మీకు సందేహము కలిగిన చోట మమ్ము అడుగుడు. మేము చెప్పినదానిని మీ పెరటిలో పరీక్షించి, తప్పున్నచో మాకు చెప్పుడు. ఆ అవ్వ చెప్పినందువలననే ఈ ప్రసంగము ఇట్లు వ్రాయగలిగితిని.