దేహమందలి సైన్యము - టీకా ఇచ్చు తర్ఫీదు

(పంచాయతీ సభ్యుల సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో మేము పర్యటించునపుడు తల్లులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "పిల్లవాడు మంచిగనే ఉన్నాడు గదా, సూది ఎందుకు?" ఇది సహేతుకమైన ప్రశ్నయే. సమాధానము మన దేహములోనే ఉన్నది.

చర్మము దేహమునకు కోటగోడ వంటిది. ముక్కులోని జిగురు, కన్నీరు, కడుపులోని ఆమ్లము సూక్ష్మజీవులను అడ్డగించును. వీనిని దాటి వచ్చిన వానిని రక్తమందలి తెల్లకణములు చుట్టుముట్టి మ్రింగివేయును. పుండు వద్ద కనిపించు వాపు, చీము ఈ పోరాటపు గుర్తులే.

అప్పటికిని లొంగని శత్రువునకై వేరొక దళము కలదు. అది శత్రువు రూపమును గుర్తించి, దానికి సరిపడు ప్రతిరక్షకములను తయారుచేయును. అయితే శత్రువు క్రొత్తవాడైనచో ఇందుకు వారము పది దినములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట పట్టణమున కోవిడ్ ప్రబలినపుడు మన దేహములకు ఆ శత్రువు క్రొత్తవాడు. భయమునకు మూలమదియే.

ఒకసారి పోరాడి గెలిచిన దేహము శత్రువును మరువదు. తట్టు వచ్చి తగ్గినవారికి సాధారణముగా అది మరల రాకుండుట ఇందువలననే. అయితే ఈ పాఠమునకు కొందరు బిడ్డలు ప్రాణమునే మూల్యముగా చెల్లింతురు. టీకా ఆ మూల్యము లేకుండ పాఠము నేర్పును. బలహీనపరచిన సూక్ష్మజీవినో, దానిలోని ఒక అంశమునో చూపి సైన్యమునకు ముందుగనే తర్ఫీదు నిచ్చును. సూది పిదప ఒకటి రెండు దినములు వచ్చు స్వల్ప జ్వరము ఆ తర్ఫీదు గుర్తు. తర్వాతి మోతాదులు జ్ఞాపకమును గట్టిపరచును.

ఫలితము మన కన్నులయెదుటనే కలదు. మశూచి 1975లో మన దేశమును విడిచినది. 1980 నాటికి లోకమునే విడిచినది. మన దేశమున సహజ పోలియో వైరసు సోకిన చివరి బిడ్డ 2011 జనవరి నాటిది.

తట్టు విషయమున మాత్రము ఏమరుపాటు తగదు. నూటికి 95 మందికి రెండు మోతాదులును అందిననే గ్రామమునకు రక్షణ. మొదటి మోతాదు తొమ్మిది మాసములు నిండిన పిదప, రెండవది 16 నుండి 24 మాసముల మధ్య ఇత్తురు. తొమ్మిది మాసములైన నిండని పసికందుకు చుట్టుపక్కల పిల్లల టీకాయే కవచము.

మరి ఆ మిగిలిపోవు బిడ్డ లెవరు? రైసుమిల్లులకు, ఇటుక బట్టీలకు, కోతలకు వలస వచ్చిన కూలీల బిడ్డలు. ఏ గ్రామపు రిజిస్టరులోను వారి పేరుండదు. వ్యాధి మాత్రము రిజిస్టరు చూచి రాదు.

కావున ప్రతి సభ్యుడును, ప్రతి సభ్యురాలును తమ వార్డులోని గుడిసెలను స్వయముగా చూచి, అట్టి బిడ్డల పేర్లను ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎమ్.కు అందజేయవలెను. వలస పోవు తల్లులకు టీకా కార్డు వెంట నుంచుకొనుమని చెప్పవలెను. దేహమును కాచు సైన్యము బిడ్డలో పుట్టుకతోనే ఉన్నది. దానికి సకాలమున తర్ఫీదు ఇప్పించుట మన చేతిలోనున్నది.

జై హింద్.